హవాయిన్ గిటార్‌తో సింథసైజర్ మోగించడం: జారు చెడకుండా ఏం చెయ్యాలి?

గుణుపురం నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. ఇంట్లో నాన్నగారి హవాయిన్ గిటార్ ఉంది. ఆరు తీగలు, E మేజర్ శ్రుతి. భజన బృందంలో దాన్నే వాయిస్తున్నారు. ఒడిలో పెట్టుకుని తీగల మీద ఇనప రాడ్ జారుస్తుంటే సింథసైజర్‌లోంచి వేణువు, సారంగి, వయొలిన్ల గుంపు లాంటి శబ్దాలు రావాలని కోరిక. ఒకాయన "ఫ్రెట్లు లేని వాయిద్యానికి మిడి పనిచెయ్యదు" అన్నారట. (మిడి అంటే వాయిద్యం నుంచి సింథసైజర్‌కు స్వరాల కబురు పంపే పద్ధతి.) దుకాణంలో "ఏ గిటార్ మిడి పికప్ అయినా బిగించండి, సరిపోతుంది" అన్నారట. ఎవరి మాట వినాలి, ఏం కొనాలి?

నా సమాధానం ముందే చెప్పేస్తాను. పని అవుతుంది. కానీ అలా బిగించేసినంత మాత్రాన కాదు. తీగ తీగకూ విడిగా సిగ్నల్ ఇచ్చే పికప్ (తీగ ఊపును కరెంటు సిగ్నల్‌గా మార్చే ముక్క), తీగకో మిడి చానెల్ (సందేశాలు విడిగా వెళ్లే దారి), పంపే యంత్రంలోనూ సింథ్‌లోనూ ఒకే పిచ్ బెండ్ రేంజ్ (స్వరాన్ని ఎంత దూరం లాగొచ్చో ఆ హద్దు). ఈ మూడూ కుదిరితే మీ రాడ్ ఎంత జారితే సింథ్ అంతే జారుతుంది. వీటిలో ఒక్కటి తప్పినా మీరు వాయించేది ఒకటి, వినిపించేది ఇంకొకటి. ఇక మీకు కావలసింది శబ్దం రంగు మారడం మాత్రమే అయితే మిడి జోలికే వెళ్లక్కర్లేదు. దానికి వేరే దారి ఉంది, అదీ చెబుతాను.

నేను బరంపురంలో ఇరవై ఏళ్లకు పైగా స్టీల్ గిటార్ వాయిస్తున్నాను. మెలోడీ పార్టీలకు సౌండ్ కూడా చూస్తాను. మా గురువుగారు కలకత్తాలో నేర్చుకుని వచ్చినవారు. 1940లలో హవాయి నుంచి వచ్చిన టౌ మో కలకత్తాలో ఉండి వాయించాడు, నేర్పాడు. ఆ తర్వాత అక్కడ వీధివీధినా హవాయిన్ గిటార్ క్లాసులు వెలిశాయి. హౌరా - మద్రాసు రైలు మార్గం మీద ఉన్న మన ఊళ్లకు ఆ గాలి తగలకుండా ఎలా ఉంటుంది? మీ నాన్నగారి గిటార్ కూడా అలా వచ్చిందేమో అడిగి చూడండి.

అసలు చిక్కు ఎక్కడుంది?

మిడి పుట్టింది కీబోర్డు కోసం. 1983లో వచ్చిన ఆ పద్ధతిలో ప్రతి స్వరానికీ 0 నుంచి 127 దాకా ఒక నంబరు ఉంటుంది. కీ నొక్కితే నంబరు వెళ్తుంది, వదిలితే ఆగమని కబురు వెళ్తుంది. వీణకు మెట్లు ఉన్నట్టే దానికీ మెట్లు ఉన్నాయనుకోండి. ఇకముందు కీబోర్డు మీద ఒక కీ నుంచి పక్క కీకి ఉన్న దూరాన్ని మెట్టు అనే అంటాను.

మన గిటార్‌కు గీతలే తప్ప మెట్లు లేవు. రాడ్ ఎక్కడ ఆగితే అక్కడ స్వరం. అసలు చాలాసార్లు ఆగదు కూడా. ఎక్కుజారు, దిగుజారు, కంపితం, వీటి కోసమేగా ఈ వాయిద్యం పట్టుకున్నాం! బ్రిజ్ భూషణ్ కాబ్రా గిటార్‌ని ఒడిలో పెట్టుకుని హిందుస్తానీ రాగం వాయించగలిగారన్నా, విశ్వమోహన్ భట్ గిటార్‌ని మార్చి మోహన వీణ చేయగలిగారన్నా, ఆ జారుడు వల్లే. దాన్ని మెట్లుగా కోసేస్తే మిగిలేది నాసిరకం కీబోర్డు.

అందుకని మిడిలో పిచ్ బెండ్ అనే ఇంకో సందేశాన్ని వాడతాం. స్వరం నంబరు ఒకసారి పంపి, ఆ తర్వాత "దీన్ని ఇంత పైకి లాగు, ఇంత కిందికి దించు" అని వరసగా చెబుతూ పోవడం. ఇక్కడే ఒక విషయం బాగా పట్టుకోవాలి. పిచ్ బెండ్ ఒక చానెల్ మొత్తానికి వర్తిస్తుంది. ఆరు తీగలూ ఒకే చానెల్‌లో పంపితే, ఒక తీగ జారినప్పుడు మిగతా తీగల స్వరాలు కూడా దానితో పాటు జారిపోతాయి. రాడ్ తీగలకు అడ్డంగా తిన్నగా ఉన్నంతసేపు తెలియదు. ఏటవాలుగా పెట్టి రెండు తీగల మీద రెండు వేరు వేరు దూరాలు జార్చండి, అపశ్రుతి ఎలా ఉంటుందో వినిపిస్తుంది. అందుకే తీగకో చానెల్ ఉండాలి. తీగల సిగ్నల్‌ను మిడిగా మార్చే యంత్రాన్ని కన్వర్టర్ అంటారు, అందులో ఈ సెట్టింగ్ పేరు మోనో మోడ్. 2018లో ఎంపీఈ అనే పద్ధతి వచ్చింది, అందులోనూ స్వరానికో చానెల్ అన్నదే మూలం. మీ సాఫ్ట్‌వేర్ సింథ్ ఎంపీఈ తీసుకుంటే సగం పని తేలికవుతుంది.

బెండ్ రేంజ్ గురించి నాకు జరిగింది

మొదటిసారి నేను ఈ సెట్టింగ్‌తో స్టేజి ఎక్కింది ఒక శ్రీరామనవమి పందిట్లో. ఇంట్లో ఒక్కో స్వరం మీటి చూసుకున్నాను, అన్నీ సరిగ్గా పలికాయి. పందిట్లో ఆలాపన మొదలుపెట్టి సా నుంచి పా దాకా జార్చాను. రాడ్ పా మీద ఉంది. సింథ్‌లోంచి వచ్చిన వేణువు మాత్రం సా దగ్గరే, కాస్త శ్రుతి ఎక్కువైనట్టుగా మూలుగుతోంది. పక్కన హార్మోనియం వాయించే పెద్దాయన ఆపేసి నా వైపు చూశారు. వెంటనే సింథ్ వాల్యూమ్ మూసేసి మామూలు గిటార్‌తోనే కచేరీ ముగించాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కారణం మర్నాడు దొరికింది. కన్వర్టర్ తన బెండ్ రేంజ్ 24 మెట్లు అనుకుని పంపుతోంది. సింథ్ మామూలుగా వచ్చే 2 మెట్ల రేంజ్‌లోనే ఉంది. సా నుంచి పా ఏడు మెట్లు. 24లో 7 వంతులు పంపితే సింథ్ 2లో అంతే వంతు జరిగింది, అంటే అర మెట్టు పైన కొంచెం. ఒక్కో స్వరం విడిగా మీటినప్పుడు బెండ్ వాడకం దాదాపు ఉండదు కాబట్టి ఇంట్లో తప్పు బయటపడలేదు. తేడా తిరగబడితే ఇంకా ఘోరం. కన్వర్టర్ 2, సింథ్ 24 అయితే చిన్న కంపితం కూడా పన్నెండింతలై సైరన్‌లా అరుస్తుంది.

కాబట్టి రెండు చోట్లా 24 పెట్టండి. సింథ్‌లో ఆరు చానెళ్లకూ విడివిడిగా పెట్టాలి, ఒక్కదానికి పెట్టి వదిలేస్తే మిగతా ఐదు పాత లెక్కలోనే ఉంటాయి. కొన్ని కీబోర్డుల్లో 12 కంటే ఎక్కువ ఉండదు. అప్పుడు కన్వర్టర్‌లో కూడా 12 పెట్టుకుని, ఒకే మీటుకు ఒక స్థాయి (12 మెట్లు) దాటి జార్చకండి. దాటితే సాధారణంగా కన్వర్టర్ కొత్త స్వరం పంపుతుంది, జారు మధ్యలో మళ్లీ మీటినట్టు టక్కుమంటుంది.

"ఇంత రేంజ్ పెడితే మెట్లు మెట్లుగా వినపడదా" అని ఒక శిష్యుడు అడిగాడు. మంచి ప్రశ్న. పిచ్ బెండ్‌లో 16384 విలువలు ఉన్నాయి. కిందికి 24, పైకి 24, మొత్తం 48 మెట్లకు పంచితే మెట్టుకు 341 చిన్న అడుగులు. చెవికి నున్నగానే ఉంటుంది. కానీ కొన్ని చవక యంత్రాలు లోపల 128 విలువలుగానే చదువుతాయి. అప్పుడు మెట్టుకు మూడు అడుగులు కూడా రావు, జారు గరగరమంటుంది. కొనేముందు దుకాణంలోనే ఒక పొడుగు జారు వాయించి వినండి. కాగితం మీద రాసిన వివరాల కంటే మీ చెవే నమ్మకం.

సింథ్‌లో పోర్టమెంటో (యంత్రం తనే స్వరాన్ని జార్చడం), వైబ్రాటో (తనే కంపితం కలపడం) రెండూ ఆపెయ్యండి. కంపితం మీ చేతిలో ఉంది. యంత్రం తన వంతు కలిపితే రెండూ కొట్టుకుంటాయి.

పికప్

తీగకో చిన్న పికప్ ఉండేదాన్ని హెక్సాఫోనిక్ పికప్ అంటారు. రోలండ్ జీకే-3 అందులో బాగా తెలిసినది. 13 పిన్నుల కేబుల్‌తో జీఆర్-55 లాంటి పెట్టెకు కలుపుతారు. ఇవి పాతవి చేతులు మారుతూ దొరుకుతాయి. కొత్తగా వచ్చిన జీకే-5 వేరే డిజిటల్ కేబుల్ మీద నడుస్తుంది, పాత 13 పిన్నుల పెట్టెకు నేరుగా పనిచెయ్యదు. ఒకటి కొని రెండోది కలవక చేతులు కాల్చుకున్నవాళ్లు ఉన్నారు, జాగ్రత్త. ఫిష్‌మన్ ట్రిపుల్‌ప్లే కూడా ఇదే జాతి, వైర్ లేకుండా నడుస్తుంది.

ఇవన్నీ మామూలు గిటార్ కోసం చేసినవి. హవాయిన్ గిటార్‌కు పెట్టేటప్పుడు మూడు చూడాలి.

మొదటిది ఎత్తు. మన గిటార్‌లో తీగలు చెక్కకు బాగా పైన ఉంటాయి. పికప్‌కూ తీగకూ మధ్య ఒక మిల్లీమీటరు దాకా మాత్రమే ఖాళీ ఉండాలి. నేను సన్నటి టేకు ముక్కను అరగదీసి, కింద రెండు వైపులా అంటుకునే టేపు వేసి పికప్‌ను లేపాను. పికప్ బ్రిడ్జికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. అయితే కుడి అరచెయ్యి ఆనే చోటు కూడా అదే. వారం రోజులు ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత చెయ్యి తనే సర్దుకుంటుంది.

రెండోది తీగల మధ్య దూరం. ప్రతి తీగా తన పికప్ ముక్కకు సరిగ్గా పైన ఉండాలి. పక్కకు జరిగితే ఒక తీగ శబ్దం రెండు చానెళ్లలోకి పోతుంది, అడగని స్వరం పలుకుతుంది. పర్లాకిమిడిలో ఒక మిత్రుడికి ఎనిమిది తీగల గిటార్ ఉంది. ఆయన ఎక్కువగా పాట నడిపే పై ఆరు తీగలకే పికప్ పెట్టాం, కింది రెండింటినీ మామూలు శబ్దానికే వదిలేశాం. అదే మేలైంది.

మూడోది తీగల లోహం. అకూస్టిక్ గిటార్‌కు వేసే కంచు చుట్టిన తీగలు ఈ పికప్‌కు సరిగా అందవు. అది అయస్కాంతంతో పనిచేస్తుంది, కంచుకు అయస్కాంతం పట్టదు, లోపలి ఉక్కు నరం ఒక్కటే తెలుస్తుంది. ఎలక్ట్రిక్ గిటార్ కోసం వచ్చే నికెల్ చుట్టిన తీగలు వెయ్యండి. తుప్పు సంగతి కూడా చెప్పాలి. గోపాలపురం సముద్రం ఒడ్డున ఒక హోటల్లో నెల రోజులు సాయంత్రాలు వాయించాను. పది రోజులకే తీగ మీద వేలు రుద్దితే నల్లటి గరుకు అంటేది. మామూలు శబ్దం కాస్త మందగించింది అంతే, కన్వర్టర్‌కు మాత్రం ఆ తీగ ఏ స్వరమో తెలియక స్థాయి పైకి కిందికి ఎగిరేది. తీగలు మార్చగానే నయమైంది. మీది కొండ ప్రాంతం, ఇంత ఉప్పు గాలి ఉండదు. అయినా వాయించాక పొడి గుడ్డతో తుడవడం మానకండి.

ఆలస్యం

ఇది తప్పించుకోలేని సంగతి, కానీ తగ్గించుకోవచ్చు. స్వరం ఏదో తెలియాలంటే కన్వర్టర్ ఆ తీగ రెండు సార్లయినా పూర్తిగా ఊగేదాకా చూడాలి. మీ కింది E తీగ సెకనుకు 82 సార్లు ఊగుతుంది, ఒక ఊపుకు 12 మిల్లీసెకన్లు. రెండు ఊపులంటే 24. పై E తీగ సెకనుకు 330 సార్లు, ఒక ఊపుకు 3 మిల్లీసెకన్లే. 25 మిల్లీసెకన్ల ఆలస్యం అంటే స్పీకర్‌కు ఎనిమిదిన్నర మీటర్ల దూరంలో కూర్చుని వాయించినట్టు. భజనలో తాళం పట్టేవారితో కలిసి వాయించేటప్పుడు అది బాగా తెలుస్తుంది.

నేను చేసేది ఇది: పై తీగల మీద ఒక స్థాయి ఎక్కువలో వాయించి, సింథ్‌ను ఒక స్థాయి, అంటే 12 మెట్లు, కిందికి దించుతాను. మంద్రం వినిపిస్తుంది, ఆలస్యం మాత్రం పై తీగదే.

రెండో ఉపాయం ఇంకా ముఖ్యం. అసలు గిటార్ శబ్దాన్ని పూర్తిగా తీసెయ్యకండి. గిటార్ ముందు, సింథ్ దాని వెనక కొంచెం తక్కువగా. మీటిన చురుకు గిటార్ నుంచి వెంటనే వస్తుంది, కాస్త ఆలస్యంగా వచ్చే వయొలిన్ల గుంపు దాన్ని నింపుతుంది. వినేవాళ్లకు ఆలస్యం అనిపించదు, నిండుగా అనిపిస్తుంది. మెల్లగా లేచే శబ్దాలు ఎంచుకోండి. పియానో, సంతూర్ లాంటివి వద్దు, ఆ శబ్దాలు జారడం చెవికి నప్పదు. రికార్డు చేసిన సారంగిని ఎనిమిది పది మెట్లు లాగినా గొంతు మారిపోయి బొమ్మ కూతలా ఉంటుంది. సింథ్ తనే పుట్టించే శబ్దాలు ఎంత లాగినా చెడవు.

చేతి అలవాట్లు

రాడ్ వెనక ఎడమ చేతి వేళ్లు తీగల మీద వాలి ఉండాలి. వేళ్లు లేస్తే రాడ్‌కు అవతలి వైపు తీగ కూడా మోగుతుంది. మన చెవి దాన్ని పట్టించుకోదు, కన్వర్టర్ పట్టించుకుంటుంది. కుడి అరచేత్తో, వాయించిన తీగను తర్వాతి తీగ మీటే లోపు ఆపెయ్యాలి. జారుతూ మధ్యలో మీటకండి. ముందు మీటి, స్వరం నిలిచాక జార్చండి. ఆ మధ్య ఖాళీ కనురెప్ప పాటు కూడా ఉండదు, కానీ యంత్రానికి అది చాలు. ఇనప పిక్‌లు తీగకు తగిలినప్పుడు చేసే చిటుకు శబ్దం కూడా దాన్ని తికమక పెడుతుంది. నేను బొటనవేలికి ప్లాస్టిక్, మిగతా వేళ్లకు పిక్ లేకుండా వాయిస్తాను. మా గురువుగారికి ఇది నచ్చేది కాదు, మీ ఇష్టం.

వాల్యూమ్ పెడల్ వాడుతున్నారా? గిటార్‌కూ యాంప్‌కూ మధ్య ఉన్న పెడల్ సింథ్‌ను తగ్గించదు, ఎందుకంటే హెక్సాఫోనిక్ పికప్ దారి వేరు. సింథ్‌కు ఎక్స్‌ప్రెషన్ పెడల్ విడిగా కావాలి, లేదా రెండు శబ్దాలూ మిక్సర్‌లో కలిశాక ఒకే పెడల్ పెట్టుకోవాలి.

కలిపేటప్పుడు వచ్చే చిక్కులు

మీ కీబోర్డుకు యూఎస్‌బీ ఒక్కటే ఉంటే కన్వర్టర్‌ను దానికి నేరుగా కలపలేకపోవచ్చు. రెండూ కంప్యూటర్ కోసం చూసేవే. మధ్యలో ల్యాప్‌టాప్ ఉండాలి. గుండ్రటి ఐదు పిన్నుల మిడి సాకెట్ ఉంటే ఆ బాధ లేదు. అయితే ఆ కేబుల్ మీద సెకనుకు 31250 బిట్లు మాత్రమే వెళ్తాయి, ఒక్కో బెండ్ సందేశానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. ఆరు తీగలూ ఒకేసారి జార్చితే సందేశాలు వరసలో నిలబడతాయి. రెండు మూడు తీగలకు మించి కలిపి జార్చకపోతే తెలియదు.

చానెళ్లు 1 నుంచి 6 దాకా పెట్టండి. రాయగడలో ఒక కుర్రాడు 5 నుంచి మొదలుపెట్టాడు. ఐదు తీగలు చక్కగా వయొలిన్‌లా పలికాయి, ఆరో తీగ మీటితే ధబ్ ధబ్‌మని డ్రమ్స్ మోగాయి. పికప్ పోయిందని టెన్షన్ పడి నాకు ఫోన్ చేశాడు. చాలా కీబోర్డుల్లో పదో చానెల్ డ్రమ్స్‌దే, అంతకు మించి ఏం లేదు.

కరెంటు సంగతి మన వైపు తప్పకుండా చూసుకోవాలి. జనరేటర్ మీద నడిచే పందిట్లో ఎర్తింగ్ సరిగా లేకపోతే గిటార్‌లో గుంయ్యిమని హమ్ వస్తుంది. మామూలు యాంప్‌లో అది చికాకు మాత్రమే, కన్వర్టర్‌లో దొంగ స్వరాలు పుట్టిస్తుంది. హమ్ పోతుందని ప్లగ్‌లో ఎర్త్ పిన్ను తీసేసేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని ఎప్పుడూ చెయ్యకండి. ఒక చేతిలో ఇనప రాడ్, వేళ్ల కింద ఉక్కు తీగలు, ఎదురుగా మైకు. ప్రాణం పోతుంది.

మిడి లేకుండా

ముందు చెప్పిన వేరే దారి ఇదే. బాస్ కంపెనీ ఎస్‌వై-1, ఎలెక్ట్రో-హార్మోనిక్స్ కంపెనీ సింథ్9 లాంటి పెడల్స్ స్వరం నంబరు వెతకవు. మీ గిటార్ నుంచి వచ్చే సిగ్నల్‌నే మార్చి సింథ్ శబ్దం చేస్తాయి. మామూలు పికప్, మామూలు కేబుల్ చాలు. ఆలస్యం తెలియదు, జారు ఉన్నది ఉన్నట్టు వస్తుంది. కానీ అచ్చంగా వేణువు, సారంగి రావు. పెడల్‌లో ఉన్న శబ్దాలే వస్తాయి, కీబోర్డు మోగదు. భజనలో వెనక నిండుదనం కోసమే అయితే నా ఓటు దీనికే.

ల్యాప్‌టాప్, మంచి ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్ సిగ్నల్‌ను ల్యాప్‌టాప్‌లోకి పంపే పెట్టె) ఉంటే, మిడితోనే ఇంకో దారి: జామ్ ఆరిజిన్ వారి మిడి గిటార్ అనే సాఫ్ట్‌వేర్ మామూలు పికప్ సిగ్నల్‌నే విని మిడిగా మారుస్తుంది. తీగకో పికప్ అక్కర్లేదు. హవాయిన్ గిటార్‌తో ఒకసారికి ఒకే తీగ వాయిస్తే బాగానే పట్టుకుంటుంది, ఏటవాలు రాడ్‌తో రెండు తీగలు జార్చితే తడబడుతుంది. ఇంటర్‌ఫేస్ బఫర్ (ఆలస్యాన్ని పెంచి తగ్గించే సెట్టింగ్) 128 లేదా అంతకంటే తక్కువ పెట్టండి. హెక్సాఫోనిక్ పికప్ మీద డబ్బు పెట్టే ముందు దీనితో ఒక నెల సాధన చెయ్యమనే నా సలహా. చేతి అలవాట్లు ఇక్కడే పడతాయి, అవి అక్కడా పనికొస్తాయి.

నాన్నగారి గిటార్ కాబట్టి ఇంకో మాట. దేని కోసమూ ఆ చెక్కకు రంధ్రం పెట్టనివ్వకండి. నేను చెప్పినవన్నీ టేపుతో నిలబడేవే.

ముందు మీ కీబోర్డు వెనక వైపు ఫొటో ఒకటి పెట్టండి. అలాగే గిటార్ బ్రిడ్జి దగ్గర మొదటి తీగ నుంచి ఆరో తీగకు ఎన్ని మిల్లీమీటర్లో, తీగలు చెక్కకు ఎంత ఎత్తులో ఉన్నాయో స్కేలు పెట్టి కొలిచి రాయండి. ఏ పికప్ పడుతుందో, కింద ఎంత మందం చెక్క వెయ్యాలో అప్పుడు చెబుతాను.